ఓటు ఊళ్ళో, ఇల్లు బెంగళూరులో

సంపాదకులకు నమస్కారం.

మా వీధి మలుపులో మురుగుకాలువ మీది రాతిపలక విరిగి నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. పిల్లలు స్కూలు బస్సు ఎక్కేది సరిగ్గా దాని పక్కనే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు పెట్టుకున్నాం గానీ, వార్డు ఆఫీసు మెట్లెక్కిన వాళ్ళు లేరు. చివరికి వీధి మొదట్లో పూలమ్మే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడి ఇంజినీరు మొట్టమొదట అడిగింది, "నిమ్మ ఓటు ఎల్లిదె?" (మీ ఓటు ఎక్కడుంది?) అని. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఇంటి పన్ను కడుతున్నాను. ఓటు మాత్రం మదనపల్లెలో. నాకు నోరు పెగల్లేదు. ఆవిడ పూలబుట్ట కింద పెట్టి, పర్సులోంచి ఓటరు కార్డు తీసి, గట్టిగా అడిగింది. పదిహేను రోజుల్లో కొత్త పలక పడింది. ఓటు ఎక్కడున్నా పలక వేయడం వాళ్ళ పనే, కాదనను. కానీ ఆ రోజు నాకు సిగ్గేసింది.

2024 మే 13న ఓటేయడానికి మనవాళ్ళు బస్సుల్లో నిలబడి ఊళ్ళకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. అంత పట్టుదల ఉన్న మనం ఉంటున్న వీధిని ఎందుకు వదిలేస్తున్నాం? 2015లో ఎన్నికైన బెంగళూరు పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తర్వాత ఐదేళ్ళు దాటినా నగరం కార్పొరేటర్లు లేకుండానే నడిచింది. ఈలోగా పాలికె, అంటే నగరపాలక సంస్థ, ఐదు కార్పొరేషన్లయింది, 198 వార్డులు 369 అయ్యాయి. వార్డు చిన్నదయ్యాక పోటీ గట్టిగా ఉన్నచోట రెండు మూడు అపార్ట్‌మెంట్ల ఓట్లే ఫలితం తేల్చగలవు.

ఓటు మార్చుకుంటానంటే "ఊరితో ఇక సంబంధం లేదా?" అని మా అమ్మ టెన్షన్ పడింది. పండక్కి ఎప్పట్లాగే వస్తానని నచ్చజెప్పాను. ఫారం 8 నింపితే వేరే రాష్ట్రం నుంచైనా ఓటు మారుతుంది. రెండుచోట్లా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అక్కడ మన వీధి సంగతి చెప్పడానికి పార్టీ కండువా అక్కర్లేదు. కన్నడ రాదని వెనకాడొద్దు, లిపి మనకు దగ్గరిదే. నేను పూలావిడతో మాట్లాడుతూనే నేర్చుకున్నాను.

మీకు ఒక్క విన్నపం. కొత్త వార్డుల సరిహద్దులు, ఓటు మార్చుకునే పద్ధతి మీ బెంగళూరు ఎడిషన్లో తెలుగులో వేయండి. మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.

– ఒక పాఠకురాలు, బెంగళూరు