గ్రాఫిక్స్ కార్డు బిల్లుపై చిప్ పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినప్పటి నుంచి, బాగా పనిచేస్తున్న డెస్క్‌టాప్‌లు కూడా పాత ఇనుప సామాన్ల కొట్లకు చేరడం మా పట్టణంలో చూస్తున్నాను. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్లున్న యంత్రాలు విండోస్ 11 అర్హతల్లోకి రావు. అయితే వాటిపై లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు పిల్లల చదువుకు పనికొస్తాయన్న నమ్మకంతో, నేను పాఠాలు చెప్పే చిన్న శిక్షణ కేంద్రంలోని ఎనిమిది కంప్యూటర్లలో దాని రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ ఎక్కించాను. ఆ పనిలో ఎదురైన ఒక చిక్కు మీ పాఠకుల్లో చాలామందికి ఎదురయ్యేదే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఎనిమిదింటిలోనూ ఉన్నది ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డే. బిల్లులోనూ ఆ పేరే ఉంది. మొదటి ఐదింటికి మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ 470 శ్రేణి డ్రైవర్‌ను (కార్డు చేత పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను) సూచించింది, అది వేయగానే అంతా చక్కబడింది. మిగిలిన మూడింటికి అది ఏ డ్రైవర్‌నూ సూచించలేదు. అదే కార్డు కదా అన్న ధీమాతో, ఐదింటికి వేసిన డ్రైవర్‌నే టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ద్వారా వీటికీ ఎక్కించాను. రీస్టార్ట్ చేయగానే మూడు తెరలూ నల్లబడ్డాయి. ఎడమవైపు పై మూలన ఒక చిన్న గీత మాత్రం మినుకుమంటోంది.

చూసిన మెకానిక్ మదర్‌బోర్డు పోయిందని చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలుగుతోంది, మళ్లీ నొక్కితే ఆరుతోంది. లోపల సిస్టమ్ నడుస్తూనే ఉందని, బొమ్మ మాత్రమే తెరకు చేరడం లేదని దాన్నిబట్టి అర్థమైంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే అక్షరాల తెర వచ్చింది. లాగిన్ అయి, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఇచ్చిన సందేశాలు తిరగేస్తే కారణం అక్కడే ఉంది: ఈ కార్డుకు పనికొచ్చేది 390 శ్రేణి పాత డ్రైవర్ అని అందులో స్పష్టంగా రాసి ఉంది. యంత్రంలోని కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) ఆదేశంతో చిప్ వివరం చూస్తే, ఐదు కార్డుల్లో జీకే208, మూడింటిలో జీఎఫ్108 అని కనిపించింది. మొదటిది కెప్లర్ తరం, రెండోది అంతకు ముందు వచ్చిన ఫెర్మీ తరం. రెండు తరాల చిప్‌లనూ కంపెనీ జీటీ 730 అనే ఒకే పేరుతో అమ్మింది.

ఈ తేడా చిప్ పేరుతో పోయేది కాదు. ఫెర్మీ కార్డులకు ఎన్విడియా 390 శ్రేణితోనే సరిపెట్టి, 2022తో ఆ మద్దతును కూడా ముగించింది. ఆ డ్రైవర్ మూల కోడ్‌ను కంపెనీ బయటపెట్టలేదు కనుక, కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని సరిదిద్దే వీలు బయటివారికి పెద్దగా ఉండదు. అలాంటి కార్డులకు మిగిలే ఆధారం నూవో డ్రైవర్. కంపెనీ పత్రాలు చేతికందకపోయినా, కార్డు పనితీరును బయటి నుంచి పరిశీలించి స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని రాశారు. 2010 నుంచి లినక్స్ కెర్నెల్‌లో భాగంగా వస్తోంది. వారి ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. నేను వేసిన తప్పు డ్రైవర్ నూవోను అడ్డుకుని కూర్చుంది. దాన్ని పూర్తిగా తొలగించి రీస్టార్ట్ చేయగానే తెరలు తిరిగి వెలిగాయి. రాతపనికి ఏ లోటూ లేదు గానీ, వీడియో పాఠాలు పెట్టినప్పుడు రెండు యంత్రాలు మధ్యలో బిగుసుకుపోయేవి.

చివరకు పని చక్కబడింది కార్డు తీసేశాకే. ఆ ఐ3 ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంది, దాని డ్రైవర్ కెర్నెల్‌తోపాటే వస్తుంది. కార్డు ఊడదీసి, మానిటర్ నుంచి వచ్చే నీలం రంగు వీజీఏ తీగను మదర్‌బోర్డు మీది పోర్టుకు మార్చాను. ఇంకేమీ వేయాల్సిన పని లేకుండానే మానిటర్ పూర్తి రెజల్యూషన్ వచ్చింది, వీడియోలు ఆగకుండా నడిచాయి. తెలుగు టైపింగ్ నేర్చుకునే పిల్లలకు ఆ కార్డు అవసరం మొదటి నుంచీ లేదు. అమ్మినవారు ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఎనిమిది కార్డుల డబ్బు ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీలకు పెట్టుకునేవాళ్లం.

అందుకే కంప్యూటర్లు అమర్చి అమ్మే దుకాణదారులను ఒకటి కోరుతున్నాను. బిల్లులో జీటీ 730 అని రాసి ఊరుకోకుండా పక్కనే చిప్ పేరు కూడా రాయండి. ఒక్క పదం ఎక్కువ రాస్తే పదేళ్ల తర్వాత ఆ యంత్రాన్ని విప్పేవారికి దారి దొరుకుతుంది. పాఠశాలలకు, గ్రంథాలయాలకు కొనేవారు లినక్స్ కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్న హార్డ్‌వేర్‌ను అడిగి తీసుకోవాలని నా అభిప్రాయం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (లినక్స్‌లాగా ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగేది) నడుస్తోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అది సాధ్యమే.

ఇక మీ పత్రికకు ఒక వినతి. తెర నల్లబడినప్పుడు ముందుగా ఏం చూడాలో, చిప్ పేరు ఎలా తెలుసుకోవాలో, తప్పు డ్రైవర్‌ను ఎలా తీసేయాలో తెలుగులో, తెర బొమ్మలతో సహా ఒక పూర్తి పేజీ ప్రచురించగలరు. ఆ వివరాలు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ బోధకురాలు,
తెనాలి