మధ్యలో పాఠం చెప్తారు సార్!

తిరుపతి,
ఆదివారం రాత్రి

రేయ్ గోపీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిందని తెలుసు. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, పాప ఎల్‌కేజీలో చేరింది, మేం బైరాగిపట్టెడకు ఇల్లు మారాం. మిగతావి తర్వాత. ముందు ఇది విను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఇంజనీరింగ్ కాలేజీలో మా బ్రాంచికి ఎన్‌బీఏ టీం వచ్చి వెళ్లింది, కోర్సులకు గుర్తింపు ఇచ్చేవాళ్లు. నాక్ కాదు రా. నాక్ కాలేజీ మొత్తాన్నీ చూసి గుర్తింపు ఇస్తుంది, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచినీ విడిగా చూస్తుంది. రెండూ 1994లో పుట్టినవే, కవలలనుకో. మా ప్రిన్సిపాల్ గారు ప్రతి మీటింగులోనూ వాషింగ్టన్ అకార్డ్ ఎత్తుతారు, అదే, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు ఒకరివి ఒకరు గుర్తించుకునే ఒప్పందం. 2014లో మన దేశం అందులో చేరింది, సంతోషమే. మా ప్రింటర్లో మాత్రం టోనర్ లేదు.

పని ఏమిటంటే, ప్రతి సబ్జెక్టుకూ ఐదారు కోర్స్ అవుట్‌కమ్స్ రాయాలి. ఈ పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలరు అని. వాటిని డిగ్రీ మొత్తానికి ఉన్న ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌తో కలపాలి. అవి ఇన్నేళ్లూ 12 ఉండేవి, కొత్త ఫార్మాట్‌లో 11 అయ్యాయి. సంబంధం ఎంత గట్టిదో చూసి పట్టికలో ఒక్కో గడిలో 1, 2, 3 వేసి, పిల్లల మార్కులతో అటైన్‌మెంట్, అంటే ఎంతవరకు సాధించారో, లెక్క తీయాలి. ఆలోచన మంచిదే. ఎక్కడ తగ్గిందో చూసుకుని వచ్చే ఏడాది పాఠం మార్చుకోమని. మరి మేం? టార్గెట్ 2.1 పెట్టుకుని, 2.2 వచ్చేదాకా గడులు సర్దాం. జవాబు ముందే పెట్టుకుని రీడింగులు సర్దిన మన లోలకం కేసు గుర్తుందా? అచ్చం అదే. దారం పట్టుకోవడానికి ఈసారి నువ్వు లేవు, అంతే.

ఛైర్మన్ ఒకరు, బ్రాంచికి ఇద్దరు నిపుణులు, మూడు రోజులు. అందులో తమిళాయన ఒకరు దిగీదిగగానే, "దర్శనం రూ.300 టికెట్టు నేనే బుక్ చేసుకున్నా, మీరేమీ ఏర్పాటు చేయొద్దు" అనేశారు. మా వాళ్ల ముఖాలు చూడాలి! నాకు అప్పుడే గుండెలో రాయి పడింది.

రెండో రోజు పిల్లలతో మాట్లాడతామని మమ్మల్ని బయటికి పంపారు. నేను కిటికీ పక్కన ఫైలు వెతుకుతున్నట్టు నిలబడ్డాను (నవ్వకు). మదనపల్లె అమ్మాయి ఒకతి ఉంది, మూడో సంవత్సరం. కోర్స్ అవుట్‌కమ్స్ అంటే ఏమిటమ్మా అని అడిగారాయన.

"మొదటి రోజు రాయిస్తారు సార్. మళ్లీ చివరి రోజు ఫారం నింపేటప్పుడు చూస్తాం."

"మరి మధ్యలో?"

"మధ్యలో పాఠం చెప్తారు సార్."

గదంతా గొల్లుమంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయినా ఆ పిల్ల ఆగలేదు. కన్వల్యూషన్ అనే పాఠం సగం మందికి ఎక్కలేదని, సార్ (నేనే) శనివారాలు మధ్యాహ్నం మళ్లీ చెప్పారని, అందరూ వచ్చేవాళ్లని చెప్పింది. అందరూ ఏం కాదు, పదిమంది.

సాయంత్రం ఆయన నేరుగా నా దగ్గరికొచ్చి, "ఆ శనివారం క్లాసులు ఏ ఫైల్లో ఉన్నాయి?" అన్నారు. ఏ ఫైల్లోనూ లేవు సార్ అన్నాను. ఆయన నా 2.2 షీటు పక్కన పెట్టి, అసలు ఎందుకు చెప్పాలనిపించింది, తర్వాత పరీక్షలో తేడా కనిపించిందా అని అరగంట అడిగారు. ఈ ఉద్యోగంలో నన్ను అలా అడిగినవాళ్లు ఎవరూ లేరు గోపీ. నిజం.

ఫలితం అప్పుడే చెప్పరు. బాగా వస్తే గుర్తింపు 6 ఏళ్లు, తగ్గితే 3.

అసలు సంగతి ఆ రాత్రిది. హెచ్‌ఓడీ ఫోన్ చేసి, పొద్దున్నకల్లా మూడేళ్ల శనివారాలకు రిజిస్టరు తయారు చెయ్యమన్నారు, పిల్లల సంతకాలతో సహా. రాశానా అని అడుగుతావు. పెన్నయితే పట్టుకున్నాను. గుర్తున్నవి నాలుగు రాశాను. ఐదోది రాయబోతుంటే ఆ అమ్మాయి మాట...

పాప లేచి ఏడుస్తోంది. మిగతాది వచ్చే ఉత్తరంలో రాస్తా.

నీ,
మూడో బెంచి