సొరంగం లైనింగ్ వెనక ఏముందో ముందే చూపించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. రాయపూర్ నుంచి వస్తున్న ఆరు వరసల రహదారి సబ్బవరం దగ్గర మన విశాఖకు చేరుతుంది. 464 కిలోమీటర్ల ఈ దారిలో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లాలో 2.79 కిలోమీటర్ల జంట సొరంగం ఉంది. ప్రయాణంలో ఎన్ని గంటలు కలిసొస్తాయో పత్రికలు బాగానే రాస్తున్నాయి. ఆ కొండలో ఊరే నీటిని ఎలా ఆపుతున్నారో మాత్రం నేను చదివిన గుర్తు లేదు. రేపు మన ఘాట్ రోడ్లకు బైపాస్ కోసం ఏ కొండను తొలిచినా ఇదే ప్రశ్న వస్తుంది.

వానాకాలంలో కిరండూల్ లైన్ మీద అరకు వెళ్లేవాళ్లకు సొరంగాల్లో నీళ్లు కారడం కొత్త కాదు. బొర్రా గుహల్లో సున్నపురాయిని కరిగించి అన్ని ఆకారాలు పోసింది కూడా ఇలా ఊరే నీరే. సొరంగం లోపలి గోడగా పోసే కాంక్రీటులోనూ (దీన్నే లైనింగ్ అంటారు) సున్నం ఉంటుంది. సందు దొరికితే నీరు దాన్ని కరిగించి తెల్లటి చారలుగా బయటికి తెస్తుంది. ఆ తర్వాత లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. రోడ్డు జారుతుంది, లైట్ల కేబుళ్లు, ఫ్యాన్లు పాడవుతాయి. ముంబై కోస్టల్ రోడ్డు సొరంగాన్ని 2024 మార్చిలో తెరిస్తే, మే నెలకే జాయింట్ల దగ్గర నీరు కనిపించింది. అంత పెద్ద నగరంలో, అంత ఖర్చు పెట్టిన పనిలోనే అలా జరిగింది.

కాంక్రీటు నాణ్యత చూసే పనిలో ఉన్నవాడిని కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. వాటర్‌ప్రూఫ్ కాంక్రీటు అంటే ఏదో కెమికల్ కలిపిన కాంక్రీటు అనుకుంటారు చాలామంది. అసలు సంగతి అందులో పోసే నీళ్లలో ఉంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీవ్రమైన పరిస్థితుల్లో ఉండే, ఇనుము వేసిన కాంక్రీటుకు కనీసం ఎం30 అనే బలం గ్రేడు ఉండాలి, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. ల్యాబులో ఇది దాటదు. సైట్లో దాటుతుంది. ఎండలో కాంక్రీటు తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ లారీ ఆలస్యమై మాలు బిగుసుకుంటుంది, పంపు లాగదు. అప్పుడు ఎవరో ఒకరు పైపు విప్పి నీళ్లు కలుపుతారు. ఆ ఒక్క పనితో ఎంత ఖరీదైన కెమికల్ వేసినా వృథా. మన పరవాడ సింహాద్రి ప్లాంటు బూడిద, స్టీల్ ప్లాంటు స్లాగ్ కాంక్రీటులోని సన్న రంధ్రాలను పూడ్చడానికి చాలా మంచివి. కానీ వాటితో చేసిన కాంక్రీటు మెల్లగా గట్టిపడుతుంది. కనీసం పది రోజులు క్యూరింగ్, అంటే తడిగా ఉంచడం, కావాలి. లైనింగ్ పోసే కదిలే అచ్చును (గ్యాంట్రీని) తర్వాతి భాగానికి జరిపే తొందరలో మొదట కోత పడేది దానికే.

కాంక్రీటు ఒక్కటే నీటిని ఆపలేదు కూడా. తవ్విన రాయి మీద షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీటు) కొట్టాక, దాని మీద మెత్తటి ఫెల్టు, ఆపైన మెంబ్రేన్ అనే ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు వేడితో అతికిస్తారు. వచ్చిన నీరు దాని వెనకగా కిందికి దిగి, పక్క పైపుల్లోంచి పోవాలి. ఆ తర్వాతే లైనింగ్. అతుకులో గాలి నింపి, ప్రెషర్ గేజు నిలిచిందో లేదో చూస్తారు. ఇనుము కట్టేటప్పుడు కడ్డీ గుచ్చుకుని మెంబ్రేన్‌కు చిల్లు పడినా, జాయింటులో నీటిని ఆపే పట్టీ (వాటర్‌స్టాపర్) మడత పడినా, లైనింగ్ పోశాక ఇక ఎవరికీ కనపడదు. లీకయ్యాక గ్రౌటింగ్ చేస్తే, అంటే సందుల్లోకి పూడ్చే ద్రవం ఎక్కిస్తే, చాలాసార్లు నీరు అక్కడ ఆగి నాలుగు మీటర్ల అవతల బయటపడుతుంది. రిపేరు ఖర్చు కాంట్రాక్టరుదే అనొచ్చు. లేన్లు మూసినప్పుడు సొరంగం బయట ఆగిపోయేది మన లారీలు, మన అంబులెన్సులు.

అందుకే జాతీయ రహదారుల సంస్థకు, మన ఎంపీలకు నా విన్నపం: లైనింగ్ పోయకముందే ప్రతి భాగంలో మెంబ్రేన్ ఫొటోలు, అతుకుల గాలి పరీక్ష ఫలితాలు వెబ్‌సైటులో పెట్టించండి. కాంక్రీటు దిమ్మెకు మూడు రోజులు నీటి ఒత్తిడి పెట్టి, చీల్చి, నీరు ఎంత లోతుకు దిగిందో చూసే పరీక్ష ఉంది. ఆ అంకెలూ పెట్టించండి. కాంట్రాక్టరు దగ్గర జీతం తీసుకోని ఇంజనీరు ఒకరు, ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీ సివిల్ విభాగం నుంచైనా సరే, సంతకం పెట్టాకే లైనింగ్ బిల్లు పాసవ్వాలి. ఇప్పటికే లైనింగ్ పోసేసిన చోట్ల, ఈ వానలకు ఎక్కడెక్కడ చెమ్మ కనిపించిందో మీటరు గుర్తులతో సహా ప్రకటించమనండి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరు,
పెందుర్తి, విశాఖపట్నం