పొద్దున ఏం తిని వస్తున్నారు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పత్తి ఏరే రోజులు. మీలో చాలామంది తెల్లారకముందే ఆటో ఎక్కి కూలికి వెళ్తున్నారు, ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే తయారై, గ్లాసెడు చాయ్, రెండు బిస్కెట్లతో బడికి వస్తున్నారు. కొందరికి అదీ లేదు.

ఏడో తరగతిలో ఒక బాబు సంగతి చెప్తాను. మొదటి పీరియడ్ లెక్కలు. భిన్నాల కూడిక అడిగితే మేడం ముఖం చూస్తాడు, ప్రశ్న చెవికెక్కదు. రెండోసారి అడిగితే బెంచీ మీద తల వాల్చేస్తాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అదే లెక్క పక్కవాడికి వేలు పెట్టి చూపిస్తున్నాడు! ఇలాంటి పిల్లల్ని మొద్దు అని ఇంట్లో ఎవరూ అనకండి, బడిలో మేమూ అనం.

ఒంటి బరువులో మెదడు రెండు శాతమే అయినా, మనం ఖర్చుచేసే శక్తిలో ఐదో వంతు అదే తీసుకుంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ. రాత్రి తిన్న అన్నం మర్నాడు మధ్యాహ్నం దాకా ఎలా ఆగుతుంది? బడి భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 150 గ్రాముల బియ్యం, 700 క్యాలరీల లెక్క. అది ఒక పూట తిండే.

రాత్రి మిగిలిన అన్నంలో ఇంత చల్ల పోసి ఉల్లిగడ్డ పెట్టినా చాలు. జొన్నరొట్టె ముక్క, గుప్పెడు పల్లీలు అయినా సరే. అన్నంతో పాటు చాయ్ మాత్రం వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా తిన్న తర్వాతే వేసుకోవాలి.

ఇంట్లో ఏమీ లేని రోజు కూడా బడి మాన్పించకండి. స్టాఫ్ రూంలో అటుకులు, పల్లీ పట్టీలు పెట్టాం. ఎవరు తీసుకున్నారో రాసుకోం, పదిమందిలో అడగం.

ఇక మీ గురించి. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఆలోచనాశక్తిని కొలిచే ఒకే తరహా పరీక్షలు పెట్టారు. కోతకు ముందు, చేతిలో డబ్బుల్లేని రోజుల్లో, ఆ రైతులే పరీక్షల్లో వెనకబడ్డారు. మీటింగ్‌లో మేం చెప్పింది కొందరికి గుర్తుండటం లేదంటే నాకు ఆశ్చర్యం లేదు. కిస్తీ టెన్షన్, ఎనుమాముల మార్కెట్లో పత్తి రేటు మనసులో తిరుగుతుంటే మార్కుల మాట ఎక్కడ వినబడుతుంది?

అందుకే ఈసారి పేరెంట్స్ మీటింగ్ పత్తి అమ్ముడుపోయాక, జనవరిలో, సాయంత్రం పూట పెడుతున్నాం. చెప్పాల్సింది కాగితం మీద రాసి కూడా ఇస్తాం. పని నుంచి నేరుగా రండి. ముందు ఉప్మా, చాయ్, ఆ తర్వాతే మాటలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, వరంగల్ జిల్లా