మైదానంలో గుంటలు పూడ్పించండి: క్రీడల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

ఆటస్థలాల పథకం కింద మా మైదానాన్ని బాగుచేయిస్తామని మీ శాఖ ఇచ్చిన హామీ గురించి మీకు నేను కొత్తగా వివరించనవసరం లేదు. ఆ పని మొదలే కాలేదని మేము ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులు అందాయి గాని జవాబు రాలేదు. కార్యాలయంలో అడిగితే ఫైలు ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లిందంటారు, ఆ విభాగంలో అడిగితే తమ దాకా రానేలేదంటారు. వేరే దారి కనిపించక ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఒకప్పుడు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి, స్టాపర్ బ్యాక్‌ని, అంటే మా గోల్ ముందు నిలబడి ఎదుటి జట్టు దాడిని అడ్డుకునేవాణ్ణి. ఇతర ఉద్యోగాల్లో మనిషి కుదురుకునే వయసుకే ఫుట్‌బాల్ ఆటగాడు రిటైర్ అవుతాడు. నా విషయంలో అది ఇంకా ముందే జరిగింది. పరుగెడుతూ పక్కకు తిరగబోతే పాదం గుంతలో చిక్కుకుని, ఎవరూ తగలకుండానే మోకాలు మెలిపడి, కీలు లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఈ గాయాలు చాలావరకు ఇలా ఎదుటి ఆటగాడి తాకిడి లేకుండానే అవుతాయని ఆ తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆట ఆగిపోయాక ఫోన్లు తగ్గాయి, పిలుపులు తగ్గాయి, నాకు వచ్చిన విద్య ఒక్కటే మిగిలింది. దాన్ని సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా నేర్పడం మొదలుపెట్టిన తర్వాతే నేను మళ్లీ మనిషినయ్యాను. అందువల్ల ఈ మైదానానికి నేను ఉపకారం చేస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను, అదే నాకు ఉపకారం చేసింది.

అటువంటి మైదానాన్ని సభలకు, ప్రదర్శనలకు అద్దెకిస్తున్నారు. ఇవ్వవద్దని నేను అనడం లేదు. కాని టెంట్లు విప్పుకుని వెళ్లేవాళ్లు గుంజలు పాతిన గుంటలు పూడ్చరు, రాలిన మేకులు ఏరరు. కిరాయి వసూలు చేసినవాళ్లు ఆ తర్వాత ఒక్కసారైనా వచ్చి చూడరు. బూట్లు కొనుక్కోలేని పిల్లలు మా దగ్గర చాలామందే ఉన్నారు. అందుకే ప్రాక్టీసుకు ముందు అందరం టచ్‌లైన్ (మైదానం పక్క గీత) మీద వరసగా నిలబడి, అవతలి చివరిదాకా వంగి నడుస్తూ మేకులు ఏరుకుంటాం. ఆటకు దొరికే కాస్త వెలుతురులో సగం దీనికే పోతుంది. మా గోల్‌కీపర్ అమ్మాయి కుడివైపు ఎంత దూరమైనా దూకుతుంది, ఎడమవైపు మాత్రం దూకదు. పిరికితనం వల్ల కాదు, ఎడమ పోస్టు పక్కన మోకాలి లోతు గుంట ఉంది. మట్టి పోసి తొక్కుతూనే ఉన్నాం, మరో సభ కాగానే అది మళ్లీ నోరు తెరుస్తుంది. ఆ పిల్ల ఎడమవైపు ఎందుకు దూకడం లేదని ఎదుటి జట్టు కోచ్ నన్ను అడిగినప్పుడు ఏమి చెప్పాలో మీరే సెలవివ్వండి.

గోల్‌పోస్టుల సంగతి దీనికంటే భయంకరమైనది. సభల కోసం వాటిని పీకి గోడవారన పడేసి, తర్వాత తెచ్చి నేల మీద ఊరికే నిలబెట్టి వెళ్తున్నారు. గోల్‌పోస్టులను నేలకు గట్టిగా బిగించి తీరాలని ఆట నిబంధనల్లో మొదటి నిబంధనే చెబుతోంది. పైబార్ పట్టుకుని ఊగని పిల్లవాణ్ణి నేను చూడలేదు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న ఇనుప చట్రం ముందుకు ఒరిగితే కింద ఉన్న పిల్లవాడి గతేమిటి? వేరే దేశాల్లో ఇలా పసిప్రాణాలు పోయాయి. ఇక్కడ వెనుక ఇసుక బస్తాలు పెట్టి కాపాడుకొస్తున్నాం, ఆ బస్తాలు కూడా చిరిగిపోయాయి.

మా చేతిలో ఉన్న జాగ్రత్తలు మేము తీసుకుంటూనే ఉన్నాం. గాయాలు తగ్గించేందుకు ఫిఫా వైద్యులు రూపొందించిన 20 నిమిషాల ‘11 ప్లస్’ వ్యాయామాలు చేయించకుండా బంతి ఇవ్వను. మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం ఇతరులకంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని గ్లాస్గో విశ్వవిద్యాలయం 2019లో వెల్లడించినప్పటి నుంచి చిన్నపిల్లలచేత హెడింగ్, అంటే తలతో బంతి కొట్టడం, చేయించడం మానేశాను. జీవితమంతా తలతో బంతులు కొట్టిన స్టాపర్‌గా ఆ వార్త నన్ను ఎంత కలవరపెట్టిందో చెప్పలేను. ఇవన్నీ మేము చేయగలం. నేలను మాత్రం మీరే బాగుచేయించాలి, అది మీ శాఖ ఆస్తి.

ఈ మధ్య మీ శాఖ నుంచి నాకు సన్మానం చేస్తామని కబురు వచ్చింది. మీ మన్ననకు కృతజ్ఞుణ్ణి, కాని ఆ సన్మానం నాకు వద్దు. ఆ వేదికకు, పూలదండలకు పెట్టే ఖర్చుతో గుంటలు పూడ్పించండి, గోల్‌పోస్టులు బిగించండి. అద్దెకు తీసుకున్నవాళ్లు నేలను చదును చేసి అప్పగించేదాకా వాళ్ల డిపాజిట్ తిరిగి ఇవ్వకండి. ఇంతకుమించి ఏదీ కోరను. అయ్యా, ఇది మరీ పెద్ద కోరికా? వానలు మొదలైతే గుంటల్లో నీళ్లు నిలిచి ఎక్కడ లోతుందో పిల్లలకు కనిపించదు. దయచేసి ఆలోపే ఒక ఇంజనీరును పంపండి, గుంటలన్నీ నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
మీ మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న ఒక మాజీ ఆటగాడు