వానమాపకం మీద మునగకొమ్మ

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, దరఖాస్తుల్లో ఒడియా. వానకి ఆ తేడా లేదు.

మా దగ్గరి ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో వానమాపకం ఉంది. దాని మీదికి మునగకొమ్మ వాలింది. మొన్న తొంగి చూస్తే గరాటు నిండా ఎండుటాకులు, పైన కాకి ఈక! చెట్టయినా గోడయినా, దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలి. గరాటు మూసుకుపోతే సీసాలోకి నీళ్లెలా దిగుతాయి? రోజూ ఉదయం 8.30కి ఆ నీళ్లే గీతల గ్లాసులో పోసి కొలవాలి. 1 మిల్లీమీటరంటే చదరపు మీటరుకి 1 లీటరు. చిన్న అంకె కాదండీ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా కొండల మీద కుమ్మరించింది. చరియలు విరిగిపడి మనుషులు పోయారు. గోపాల్‌పూర్ రాడార్ మబ్బుని దూరం నుంచి చూస్తుంది, నిజమే. నేల మీద పడ్డదెంతో కొలిచి చెప్పేది ఈ డబ్బాయే.

అడిగితే ‘పైకి రాశాం’ అంటున్నారు. కొమ్మ కొట్టడానికి పైకెందుకో! కత్తి మేమే తెస్తాం, సరేననమనండి చాలు.

– ఒక రైతు, పర్లాకిమిడి