ఊరికే వచ్చిన ట్యాంకులా?

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పాంథర్ ట్యాంకుల్ని ఫ్రాన్స్ సైన్యం వాడుకున్న సంగతి మీద ఈ నెల మొదట్లో మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. వెంటనే రాద్దామనుకున్నాను. మీరే సవరణ వేస్తారేమోనని ఆగాను. ఇప్పటిదాకా వేయలేదు కాబట్టి రాస్తున్నాను.

పైసా ఖర్చు లేకుండా ప్రపంచంలోకెల్లా గొప్ప ట్యాంకు ఫ్రాన్స్ చేతికి వచ్చిందని, 1965లో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు మనకూ చిక్కాయని, వాటిని వాడుకునే తెలివి మనకు లేక కూడళ్లలో బొమ్మల్లా నిలబెట్టామని ఆ వ్యాసం సారాంశం. సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది, విజయంత, టి-55 ట్యాంకుల కింద పడుకుని పనిచేసిన ఈఎంఈ (సైన్యంలో బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం) మెకానిక్‌ని నేను. ఆ మాటలు చదివి ఊరుకోలేకపోయాను.

ముందు ఫ్రాన్స్ సంగతి చూద్దాం. 1940లో ఆ దేశం ఓడిపోయింది, ఫ్యాక్టరీలు జర్మన్ల చేతిలోకి పోయాయి. 1944లో విముక్తి వచ్చేసరికి సొంతంగా చేసుకున్న కొత్త పెద్ద ట్యాంకు ఒక్కటీ లేదు. అందుకే ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి జర్మన్లు వెనక్కి పోతూ వదిలేసినవాటిలో పనికొచ్చేవి ఏరి, బాగుచేసి, షాంపేన్ ప్రాంతంలోని మూర్మెలాన్ శిబిరంలో ఉన్న 503వ ట్యాంకు రెజిమెంటుకు ఇచ్చారు. అన్నీ కలిపి యాభై దాకా ఉంటాయి. ఒక్కొక్కటి 45 టన్నులు. ముందువైపు వాలుగా అమర్చిన 80 మిల్లీమీటర్ల ఉక్కు పలక, 75 మిల్లీమీటర్ల గుండు పేల్చే పొడవైన ఫిరంగి. ఎదురుగా నిలబడి చూస్తే గొప్ప బండే, కాదనను.

కానీ బండి కదలాలి కదా. వాటిని నడిపి చూసిన ఫ్రెంచి వాళ్లు 1947లో ఒక నివేదిక రాశారు. ట్యాంకుల మీద ఆసక్తి ఉన్నవాళ్లందరికీ తెలిసిన నివేదికే అది. మీ వ్యాసం రాసినాయన దాని పేరు కూడా ఎత్తలేదు. పాంథర్ ఫైనల్ డ్రైవ్ ఆయుష్షు సగటున 150 కిలోమీటర్లని అందులో ఉంది. మీ పాఠకులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, విజయవాడలో బయల్దేరిన బండి రాజమండ్రి చేరుతుందో లేదో అన్నమాట.

ఫైనల్ డ్రైవ్ అంటే ఇంజిను బలాన్ని చివరగా చైను లాగే చక్రానికి అందించే గేర్ల పెట్టె. పాంథర్‌కి ఇది ముందుభాగంలో రెండు పక్కలా ఉంటుంది. అంత బరువు లాగే బండికి, ఒక పెద్ద గేరు లోపల చిన్న గేర్లు తిరిగే అమరిక అయితే బరువు చాలా పళ్ల మీదికి సర్దుకుంటుంది. అలాంటి గేర్లు కోసే యంత్రాలు యుద్ధకాలంలో జర్మనీ దగ్గర చాలినన్ని లేవు. దాంతో మామూలు గేర్లతో సరిపెట్టారు. పైగా 30 టన్నుల తరగతి బండిగా మొదలైన డిజైను మీద కవచం పెంచుకుంటూ పోయి 45కి తెచ్చారు. ఆ బరువంతా రెండు మూడు పళ్ల మీద పడుతుంది. మలుపు తిప్పినప్పుడు, గుంటలోంచి ఎక్కినప్పుడు పన్ను విరుగుతుంది. విరిగిన ముక్క పెట్టెలోనే తిరిగి మిగతా పళ్లని కూడా కొరికేస్తుంది. ఆ మూత విప్పి నూనెలో చెయ్యి పెడితే వేళ్లకి తగిలేది ఉక్కు రవ్వే. వేరే బండ్లలో నేను చూసిన సంగతే ఇది, ఏ దేశపు బండి అయినా ఉక్కు తీరు ఒక్కటే. నార్మండీలో జర్మన్లు వదిలేసిన పాంథర్లలో సగం దాకా ఈ ఫైనల్ డ్రైవ్ విరిగినవేనని ఆ నివేదికే చెబుతుంది. అంటే శత్రువు గుండు తగలకుండానే ఆగిపోయిన బండ్లు. మీ వ్యాసంలోని "ప్రపంచంలోకెల్లా గొప్ప ట్యాంకు" ఇదే.

ఇక చక్రాల సంగతి. ఒకదాన్నొకటి కప్పుకునేలా వాటిని అమర్చారు. లోపలి వరసలో ఒక్క చక్రం పాడైతే, దాని ముందున్న మంచి చక్రాలన్నీ విప్పి పక్కన పెట్టి, ఆ ఒక్కటీ మార్చి, మళ్లీ అన్నీ బిగించాలి. బురదలో, చలిలో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది దాని బాధ. ఇంజినుకి వెయ్యి కిలోమీటర్లు వస్తే మేలు. జర్మన్లు పాతిక కిలోమీటర్ల దూరానికి కూడా ఈ ట్యాంకుని రైలెక్కించేవారని ఫ్రెంచి వాళ్లు గమనించారు. ఇంకోటి, కమాండరు శత్రువుని చూసి చెప్పాక, గన్నరు (ఫిరంగి పేల్చేవాడు) తన సైటులోంచి, అంటే గురి చూసే దుర్భిణిలోంచి, ఆ గురిని వెతికి పట్టుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టేదట. ట్యాంకుల పోరులో అది ప్రాణం పోయేంత సమయం.

పాంథర్‌ని తయారుచేసిన కంపెనీల ఉత్పత్తి 1945తో ఆగిపోయింది. కొత్త స్పేర్లు వచ్చే దారి లేదు. అలాంటప్పుడు ప్రపంచంలో ఏ వర్క్‌షాపులోనైనా ఒక బండి విప్పి ఇంకో బండికి వేయడం ఒక్కటే దారి. అలా దాదాపు 1950 దాకా వాటిని నడిపించారంటే ఆ ఘనత మెకానిక్కులది. వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. జనరళ్ల పేర్లు మాత్రం పేరాకొకటి చొప్పున ఉన్నాయి.

పైన వేసిన బొమ్మ సంగతి కూడా చెప్పాలి. కింద "పాంథర్" అని వేశారు, అది టైగర్. ముందు పలక నిటారుగా గోడలా ఉంటే తొలి తరం టైగర్, ఏటవాలుగా ఉంటే పాంథర్. ట్యాంకుల మీద కాస్త ఆసక్తి ఉన్న హైస్కూలు పిల్లవాడు కూడా గుర్తుపడతాడు. ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు కనబడితే మర్నాడే సవరణ వచ్చేది. పేపరు చూసి తెలుగు నేర్చుకోమని మా మాస్టారు చెప్పేవారు. ఇప్పుడు జిల్లా పేజీ తెరిస్తే నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలే సగం ఉంటున్నాయి. ప్రూఫ్ చూసే మనుషుల్ని తీసేశారా, లేక చూసినా పట్టించుకోవడం లేదా?

ఇప్పుడు మన పాటన్ల మాట. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్లు తడి చెరకు తోటల్లో కూరుకుపోయాయి. చాలావాటిని వాళ్లు వదిలేసి పోయారు. వాటిని తెచ్చి పెట్టిన చోటికి పాటన్ నగర్ అనే పేరొచ్చింది. మన సైన్యానికి వాడుకునే తెలివి లేకపోయిందని రాసేముందు ఒక్క లెక్క చూసుకోవలసింది. పాటన్ ఫిరంగి 90 మిల్లీమీటర్లు. మన సెంచూరియన్లది 84, షెర్మన్లది 75, 76. ఆ ఒక్క బండి కోసం వేరే గుండ్లు, వేరే స్పేర్లు, వేరే శిక్షణ పెట్టాలి. ఆ బండి తయారుచేసిన అమెరికా ఆ యుద్ధంలో రెండు దేశాలకూ ఆయుధాల సరఫరా ఆపేసింది. మరి స్పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని కూడళ్లలో నిలబెట్టడం తెలివితక్కువ పని కాదు. హవల్దార్ అబ్దుల్ హమీద్ లాంటి వాళ్లు ప్రాణమిచ్చి ఆపిన బండ్లవి. పిల్లలకు కనబడేలా ఉండాల్సిందే. ఉండాల్సిన చోట బోర్డు లేకపోవడం, ఉన్న బోర్డు చదవడానికి వీల్లేకుండా రంగు పూయడం తప్పు. రాస్తే దాని మీద రాయండి.

మెషీను కొనడం ఒక్కటే పని అనుకునే రోగం ఒక్క మీ వ్యాసకర్తకే లేదు. మా ఊళ్లో మురుగు పైపులు శుభ్రం చేసే మెషీను కొన్నారు. దండలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు, మీ పేపర్లోనే ఫొటో వచ్చింది. కొన్నాళ్లకే పంపు చెడిపోయింది. టెండరులో స్పేర్ల మాట, మరమ్మతు ఒప్పందం లేవట. ఇప్పుడది షెడ్డులో తుప్పు పడుతోంది. మళ్లీ మనుషులే మ్యాన్‌హోల్‌లోకి దిగుతున్నారు. దిగేవాళ్ల ప్రాణానికి పూచీ ఎవరు? అడిగితే ఇంజనీరు ఆఫీసు పైవాళ్లని చూపిస్తుంది, పైవాళ్లు కాంట్రాక్టరుని చూపిస్తారు. గేర్‌బాక్సులో నూనె మార్చాలన్న మాట ఫైలులో రాయనివాళ్లకి కోట్లు పెట్టి మెషీన్లు కొనే అధికారం ఎందుకు?

నిజానికి ఫ్రాన్స్‌కి పాంథర్ నుంచి వచ్చిన లాభం బండి కాదు. అందులోంచి నేర్చుకున్నది. ఎక్కడ విరుగుతోందో రాసి పెట్టుకున్నారు. పనికొచ్చేది తీసుకున్నారు. యుద్ధం తర్వాత సొంతంగా చేసుకున్న 60 ఏఆర్‌ఎల్-44 ట్యాంకుల్లో పాంథర్‌లోని మేబాక్ ఇంజినే వాడారు. 503వ రెజిమెంటులో పాంథర్ల స్థానంలోకి వచ్చినవి అవే. పాంథర్ ఫిరంగి ఆధారంగా తమ సొంత 75 మిల్లీమీటర్ల ఫిరంగి చేసి ఏఎంఎక్స్-13 అనే తేలిక ట్యాంకుకి పెట్టారు.

ఆ ఏఎంఎక్స్-13లను మన దేశం కొన్నది. 1962 అక్టోబరులో, చైనాతో యుద్ధంలో, లద్దాఖ్‌లోని చూషుల్‌కి ఏఎన్-12 విమానాల్లో ఎక్కించి దించింది వాటినే. 1965లో జమ్మూ వైపు ఛంబ్ దగ్గర పాకిస్తాన్ పాటన్లని మొదటి రోజు అడ్డుకున్న మన 20 లాన్సర్స్ ట్యాంకు రెజిమెంటు దగ్గరున్నవీ అవే. పాంథర్ ఫిరంగి వారసత్వం మన జవాన్ల చేతిదాకా వచ్చిందన్నమాట. మీ వ్యాసంలో భారతదేశం మీద ఒక పేరా ఉంది. ఈ సంగతి మాత్రం లేదు.

సవరణ వేయండి. లోపలి పేజీ అడుగున రెండు లైన్లు కాదు, అదే ఆదివారం అనుబంధంలో, అదే సైజు బొమ్మతో, ఈసారి పాంథర్ బొమ్మతో వేయండి. 150 కిలోమీటర్ల లెక్క, చూషుల్ సంగతి రెండూ అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఈఎంఈ మెకానిక్,
గుంటూరు జిల్లా